ముట్టుకోని గదులు

పొద్దున ఆరున్నరకి ఆమె వంటింట్లోకి వచ్చేసరికి ఆడపడుచు యూనిఫాం బల్ల మీద ఉంది. బూడిదరంగు చొక్కా, నల్ల పాంటు, వాటి మీద పేరు బిళ్ల. ఇస్త్రీ చేసి, అంచుకి అంచు కలిపి మడిచి పెట్టారు. మడత ఎక్కడా తప్పలేదు. ఆమె కళ్లకి ముందు కనిపించింది అదే. ఆ తర్వాతే తెలిసింది, ఆడపడుచు ఇవాళ పనికి రావడం లేదని.

"చూశావా?" అంది అత్తగారు పొయ్యి దగ్గర్నుంచి, వెనక్కి తిరక్కుండా.

"చూశాను అత్తయ్యా."

"సరిగ్గా చూడు. మడత వంకరగా ఉంటే మళ్లీ పెట్టు."

ఆమె చెయ్యి అప్పటికే బల్ల మీద ఉంది. తీసేసుకుంది.

మొన్న జరిగినదాన్ని ఆ ఇంట్లో ఎవరూ మళ్లీ నోటితో అనలేదు. సరస్సు ఒడ్డు హోటల్ ఏడాదికి అయిదు నెలలే బతుకుతుంది, మిగతా ఏడు నెలలూ తలుపులు వేసుకుని పడుకుంటుంది. తెరిచే ముందు వారం రోజులు గదులన్నీ సర్ది చూసుకుంటారు. తెరిచే రోజు పొద్దున ఉతికిన దుప్పట్లతో పక్కలన్నీ కొత్తగా పరుస్తారు. గదులు సర్దే జట్టు అంతటికీ ఆమే పెద్ద. పై అంతస్తు పన్నెండు గదులూ ఆడపడుచు పిట్టకి అప్పగించింది, ముగ్గురు కొత్తమ్మాయిల్ని ఇచ్చి. అందరూ పిట్ట అనే పిలుస్తారు. చిన్నగా ఉంటుంది, నోరు మూతపడదు.

మొన్న పొద్దున జట్టు దుప్పట్ల గదిలో నిలబడి ఉండగా ఆమె గుప్పిట తెరిచి పన్నెండు చొక్కా గుండీలు చూపించింది. "ఇవెవరివి? పై అంతస్తు పక్కల్లో దొరికాయి. వచ్చినవాళ్లకి గుచ్చుకుంటే ఏం సమాధానం చెబుతాం?" అని అడిగింది.

పిట్ట ఒక్కతే మాట్లాడింది. "నేనే పెట్టాను వదినా, గదికొకటి. కాళ్లవైపు దుప్పటిని పరుపు కిందకి దోపుతాం కదా, ఆ మడతలో. పక్క మొత్తం విప్పితే తప్ప దొరకవు."

పద్దెనిమిది మంది విన్నారు. జట్టు ఇళ్లకి వెళ్లాక తను ఒక్కతే గది గదికీ తిరిగి, వాళ్లు పరిచిన పక్కలు విప్పి, మళ్లీ పరుస్తుందని ఆరు సీజన్లుగా ఎవరికీ తెలియదనుకుంది. ఆ సంగతిని తనే గుప్పిట్లో పట్టుకొచ్చి అందరికీ చూపించింది.

ఆ సాయంత్రం నుంచి పిట్ట ఆమెతో మాట్లాడలేదు. ఇవాళ మధ్యాహ్నం రెండింటికి హోటల్ తెరుచుకుంటుంది.

"నా కూతురికి పని చేతకాదని పన్నెండు గదుల్లో చాటింపు వేశావు," అంది అత్తగారు.

"నేను ఎవరికీ చెప్పలేదు అత్తయ్యా."

"అదే నేననేది. చెప్పవు." అత్తగారు మంట తగ్గించి ఇటు తిరిగింది. "పదకొండేళ్లయింది నువ్వీ ఇంటికొచ్చి. నేను తోమిన గిన్నెలు మళ్లీ తోముతావు. నాకు తెలియదనుకుంటావు. ఆ చప్పుడు నా చెవిన పడదా?"

"ఎప్పుడూ అనలేదే మీరు," అంది ఆమె.

"నువ్వన్నావా? సబ్బు వదల్లేదు అత్తయ్యా అని ఒక్కసారి అంటే నీ నోరు పడిపోతుందా? అనవు. తీసుకెళ్లి కడుగుతావు. అనేదానితో అయితే పోట్లాడొచ్చు. నీతో ఏమని పోట్లాడను?"

అత్తగారు ఆ హోటల్ చాకిరేవులో ఇరవై సీజన్లు దుప్పట్లు ఉతికిన మనిషి. మెషిన్లు వచ్చాక మానేసింది. పోట్లాట లేని ఇల్లు ఆవిడకి ఎప్పుడూ అర్థం కాదు.

భర్త పెరట్లోంచి వచ్చాడు. పడవకి రంగు వేస్తున్నాడు. మోచేతుల దాకా నీలం. "ఏమైంది?"

"ఏం లేదు," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

అతను యూనిఫాం చూశాడు. ఇద్దరి మొహాలూ చూశాడు. మళ్లీ పెరట్లోకి పోదామా అన్నట్టు కాలు వెనక్కి వేశాడు.

"ఉండరా," అంది తల్లి. "నీ చొక్కాలు నువ్వు మడిచి పెట్టుకుంటావు. తర్వాత వాటికేమవుతుందో తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసీ ఊరుకున్నావా?"

"బాగుంటాయి కదమ్మా మరి."

"వీడొకడు," అంది అత్తగారు పొయ్యితో.

ఆమె నవ్వబోయి మానేసింది. హాల్లోకి నడిచింది.

పిట్ట గది తలుపు మూసి ఉంది. గడియ లేని తలుపు. వేలితో తోస్తే తెరుచుకుంటుంది. ఆమె తొయ్యలేదు.

"పిట్టా. ఏడవుతోంది."

"తెలుసు."

"ఆ ముగ్గురూ నువ్వుంటేనే ఉంటారు. నీకు తెలుసు."

"వాళ్లు లేకపోతే నీకేం? ఎలాగూ నువ్వు మళ్లీ చేసేదే. ముందే చేసెయ్, ఒకసారి పని తప్పుతుంది."

ఆమె తలుపు మీది రంగు పెచ్చు చూస్తూ నిలబడింది.

లోపల మంచం కిర్రుమంది. పిట్ట గొంతు తలుపు దగ్గరికి వచ్చింది. "నీకో సంగతి చెప్పనా వదినా? పోయిన వారం కొండ హోటల్ వాళ్లు అడిగారు. ముప్పై గదులు, తొమ్మిది మంది. జట్టుకి పెద్దగా వచ్చి నడుపుతావా అని. ఇవాళ అయిదింటికల్లా చెప్పాలి."

"నాకు చెప్పలేదే."

"నడపగలనో లేదో నాకు తెలియాలి కదా ముందు. ఆ గుండీలు నిన్ను పట్టుకోడానికి పెట్టలేదు. నువ్వు మళ్లీ సర్దుతావని నాకు మొదటి సీజన్‌లోనే తెలుసు. ఏవి విప్పుతావు, ఏవి వదిలేస్తావు, అది చూద్దామనుకున్నాను. సగం వదిలేసినా వాళ్లకి సరేననేదాన్ని." గొంతు ఆగింది. "పన్నెండుకి పన్నెండూ విప్పావు."

"పిట్టా..."

"రానని చెప్పేస్తాను వాళ్లకి. అక్కడా వద్దు, ఇక్కడా వద్దు. నువ్వు వెళ్లు వదినా, ఆలస్యమవుతుంది."

*

హోటల్‌కి పావుగంట నడక. సరస్సు పక్క దారి.

మొదటి సీజన్‌లో, తనని జట్టుకి పెద్దగా వేసిన మూడో రోజున, ఆమె వయసులో పెద్దావిడ ఒకర్ని పిలిచి పక్క మూల వదులుగా ఉందని చెప్పింది. "నిన్నటిదాకా నా పక్కన చీపురు పట్టినదానివి," అంది ఆ పెద్దావిడ, అందరూ వింటుండగా. అంతే. కేకలు లేవు, గొడవ లేదు. ఆ సాయంత్రం ఆమె వెనక ఉండిపోయి ఆ మూల తనే సరిచేసింది. మర్నాడు రెండు మూలలు. నెల తిరిగేసరికి అంతస్తు అంతా.

దాన్ని మంచితనం అనుకుంది. ఎవరినీ నొప్పించని పద్ధతి అనుకుంది. కానీ ఆ ఖాళీ గదుల్లో గడిపే రెండు గంటలూ రోజు మొత్తంలో తనకి ఇష్టమైనవని ఎవరితోనూ అనలేదు. అక్కడ ఆమె ఎవరికీ వదిన కాదు, కోడలు కాదు, పెద్ద కాదు. దుప్పటి ఎదురు మాట్లాడదు.

పన్నెండుకి పన్నెండూ విప్పావు.

ఆమె దారిలో ఆగిపోయింది. పిట్ట పరిచిన పక్కలు ఎలా ఉన్నాయో గుర్తు తెచ్చుకోబోయింది. మూలలు వదులుగా ఉన్నాయా? దిండ్లు తిన్నగా ఉన్నాయా? ఏమీ గుర్తు రాలేదు. గదిలోకి అడుగుపెట్టడం, దుప్పటి కొస పట్టుకుని లాగడం, అంతే గుర్తుంది. మధ్యలో చూడటం అనేది లేదు.

ఆ సంగతి నీళ్లలా చల్లగా తగిలింది.

*

ముగ్గురు కొత్తమ్మాయిలూ పై అంతస్తు మెట్ల మీద వరసగా కూర్చుని ఉన్నారు. పొడుగమ్మాయి, కళ్లజోడమ్మాయి, ప్రతి మాటకీ నవ్వే అమ్మాయి. యూనిఫాంలు వేసుకున్నారు కానీ చేతిసంచులు ఒళ్లోనే ఉన్నాయి.

"పిట్టక్క రాలేదా మేడమ్?" అంది పొడుగమ్మాయి.

"రాలేదు."

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. నవ్వే అమ్మాయి కూడా నవ్వలేదు.

"మీరు వెళ్తానంటే ఆపను," అంది ఆమె. "కానీ ఒక మాట వినండి. మీరు పరిచిన పక్కలు నేను విప్పి మళ్లీ పరిచాను. మీకు చెప్పకుండా. రోజూ."

"అంటే మా పని బాగాలేదా?" అంది కళ్లజోడమ్మాయి.

"తెలియదు."

"తెలియదా?"

"నేను చూడలేదు. చూడకుండానే విప్పేదాన్ని."

కింద ఎవరో బకెట్ జరిపారు.

"మూడు రోజులు నడుం విరిగేలా పరిచాం మేడమ్," అంది నవ్వే అమ్మాయి. "కనీసం చూసి విప్పాల్సింది." అని, అన్నందుకు భయపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చేతి వెనక నవ్వు ఆగలేదు. పొడుగమ్మాయికీ అంటుకుంది.

ఆమె మెట్టు మీద, వాళ్లకంటే కింద కూర్చుంది. "ఇవాళ చూస్తాను. చెయ్యి పెట్టను. తప్పుంటే తప్పని చెబుతాను, మీ మొహం మీదే. కోపం వస్తే మీరూ నా మొహం మీదే చెప్పండి."

పొడుగమ్మాయి సంచి తీసి మెట్టు మీద పెట్టింది. మిగతా ఇద్దరూ పెట్టారు.

మొదటి గది గుమ్మం బయట ఆమె చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

"మూల ఇంకొంచెం గట్టిగా."

"ఎంత గట్టిగా?" అంది కళ్లజోడమ్మాయి.

ఎంత గట్టిగానో ఆమె చేతులకి తెలుసు. నోటికి తెలియదు. ఆరేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, అడిగే వీలు ఇవ్వలేదు. వెనక కట్టుకున్న చేతుల్లో వేళ్లు వాటంతట అవే కదిలాయి.

"కింద అరచెయ్యి దూర్చి చూడు. వెనక్కి తోసెయ్యాలి నిన్ను. అంత."

ఆ అమ్మాయి దూర్చింది. "తొయ్యడం లేదు."

"లాగు. ఇంకా. ఇప్పుడు?"

"తోసింది." కళ్లజోడు పైకి నెట్టుకుని మళ్లీ దూర్చి చూసుకుంది, అవసరం లేకపోయినా.

రెండో గదిలో ఆ అమ్మాయి ముందు కిటికీలు తెరిచింది. పక్క పరచడం ఆఖరికి వదిలేసింది.

"ముందు పక్క కాదా?" అంది ఆమె.

"ఏడు నెలలు మూసిన గది కదా మేడమ్. తేమవాసన పోకుండా ఉతికిన దుప్పటి పరిస్తే వాసన దానికి పడుతుంది. పిట్టక్క చెప్పింది."

ఆమె గాలి పీల్చింది. నిజమే. ఆరేళ్లుగా వరస మార్చకుండా తను ముందు పక్కే పరిచేది.

నాలుగు గదులయ్యేసరికి పదిన్నర. ఒక్కో గదికీ ఆమె లోపలికి పోబోయి ఆగింది. ఒకసారి కాలు గడప దాటింది కూడా. పొడుగమ్మాయి చూసి, ఏమీ అనకుండా, చీపురు అడ్డం పెట్టింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. పిట్ట. ఇంట్లో బట్టల్లోనే వచ్చింది.

"పనికి రాలేదు," అంది, ఎవరూ అడక్కముందే. "అన్నయ్య రంగు డబ్బా కోసం పోతూ ఇక్కడ దించాడు. ఊరికే చూసి పోదామని."

"చూడు," అంది ఆమె.

"ఎన్నయ్యాయి?"

"నాలుగు."

"పదిన్నరకి నాలుగా? మనిషివి నువ్వేనా వదినా?"

"చేతులు నావి కావు కదా."

పిట్ట ఆమె వెనక్కి కట్టుకున్న చేతుల్ని చూసింది. గదిలోకి తొంగి చూసింది. కళ్లజోడమ్మాయి రెండో మూల దోపుతోంది. తనంతట తనే అరచెయ్యి కింద దూర్చి చూసుకుంది.

"నీతో ఒక మాట చెప్పాలి," అంది ఆమె. ముగ్గురి ముందూ చెప్పాలా అని ఒక క్షణం అనుకుంది. గుండీల మాట అందరి ముందే అంది కదా. "నీ పక్కలు చూసి నచ్చక విప్పలేదు. అసలు చూడలేదు. నువ్వు పరిచావా, ఇంకొకరు పరిచారా అని కూడా కాదు. నేనే పరిచి మర్చిపోయి ఉన్నా విప్పేదాన్ని. పన్నెండుకి పన్నెండు అన్నావు. అది నీ పని మీద తీర్పు కాదు పిట్టా. నీ పని ఎలా ఉంటుందో నాకు తెలియదు. రెండు సీజన్లు నా కింద చేశావు, నాకు తెలియదు."

పిట్ట చాలాసేపు మాట్లాడలేదు. పిట్ట మాట్లాడకుండా ఉండటం ఆ అంతస్తులో ఎవరికీ అలవాటు లేదు. నవ్వే అమ్మాయి గలేబు తొడుగుతూ ఆగిపోయింది.

"అది ఇంకా ఘోరం కదా వదినా," అంది చివరికి.

"అవును."

"పెద్ద ఉపకారం చేసినట్టు చెబుతున్నావు."

"లేదు. తెలిసింది తెలిసినట్టు చెబుతున్నాను. దారిలోనే తెలిసింది నాకూ."

పిట్ట చున్నీ తీసి నడుముకి బిగించింది. "మిగతా ఎనిమిదీ నేను చేయిస్తాను. నువ్వు కిందకి పో."

"సరే."

"పైకి రాకూడదు. గుమ్మం దాకా కూడా."

"రాను."

"నీ వల్ల కాదు."

"కాకపోవచ్చు," అంది ఆమె, మెట్లు దిగుతూ.

*

రిసెప్షన్ పక్కన ఒక పొడవాటి బల్ల ఉంది. ఆమె టీ కప్పుతో దాని మీద కూర్చుంది. మేనేజరు రెండుసార్లు ఆమెని దాటి వెళ్లాడు, మూడోసారి ఆగాడు.

"మీరిక్కడ కూర్చోగా ఎప్పుడూ చూడలేదు. ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"పైన ఎవరు చూసుకుంటున్నారు?"

"చూసుకునేవాళ్లు చూసుకుంటున్నారు."

అతను గడియారం చూసి, ఆమెని చూసి, వెళ్లిపోయాడు.

పైన మంచం జరిపిన చప్పుడు. ఎడమ నుంచి కుడికి అడుగులు. ఏ గదో, ఏ పనో ఆమెకి చప్పుడుని బట్టి తెలుస్తూనే ఉంది: ఇది ఏడు, ఇది కుర్చీ, ఇది స్నానాలగది తలుపు. ఒకచోట చాలాసేపు ఏ అలికిడీ లేదు. ఆమె వేళ్లు బల్ల అంచుని పట్టుకున్నాయి. ఏమైంది? ఎందుకాగారు? లేచి రెండు మెట్లెక్కితే తెలుస్తుంది. రెండే మెట్లు.

తర్వాత పైనుంచి నవ్వు వినిపించింది. నలుగురిదీ. దేనికో ఆమెకి తెలియదు. తెలియనక్కర్లేదు కూడా. ఆ ఆలోచన కొత్తగా ఉంది. ఇరుకు చెప్పులు విప్పాక పాదాలు నేల మీద ఆనినట్టుంది.

ఒంటిగంటా నలభైకి పిట్ట కిందకి వచ్చింది. మోచేతుల దాకా తడి. "అయ్యాయి."

"అలాగే."

"చూడవా?"

"చూడాలనుంది," అంది ఆమె. "చాలా ఉంది. చూడను. చూస్తే చెయ్యి పెడతాను. రేపు చూస్తాను, వాళ్లు పక్కనుండగా."

పిట్ట ఆమె మొహంలోకి వెతుకుతున్నట్టు చూసింది. తర్వాత బల్ల మీద పక్కన కూలబడి, ఆమె చేతిలోని టీ కప్పు తీసుకుని ఒక గుక్క తాగి, "చల్లారిపోయింది, ఛీ," అంది. రెండు రోజుల తర్వాత ఆ గొంతులో మామూలు విసుగు వినిపించింది.

రెండింటికి మొదటి కారు వచ్చింది. వెనకే మూడు కుటుంబాలు, ఒక ముసలి జంట. రెండూ నలభైకి రిసెప్షన్‌లో ఫోన్ మోగింది. మేనేజరు ఎత్తి, విని, మొహం ముడుచుకుని ఆమె వైపు తిరిగాడు.

"పై అంతస్తు పదకొండో గది. తువ్వాళ్లు లేవట. ఒక్కటి కూడా."

ఆమె లేచి నిలబడింది. ఆరు సీజన్లలో ఆమె గదుల మీద ఒక్క ఫిర్యాదు లేదు. సిగ్గు ఎక్కడ పుడుతుందో ఆమెకి బాగా తెలుసు, మెడ వెనక. దాని కోసం ఎదురు చూసింది. రాలేదు.

ఆమె ఫోన్ తీసుకుని దుప్పట్ల గదికి చేసింది. "పదకొండులో తువ్వాళ్లు లేవు."

"తెలిసింది, ఇప్పుడే ఆ ఆంటీ తలుపు తీసి అరిచింది," అంది పిట్ట. "పరిగెత్తింది మన నవ్వుల పిల్ల. దాని పనే. పద్నాలుగు తువ్వాళ్లు పట్టుకుపోయింది, వాళ్లు ఇద్దరేనని చెప్పినా వినకుండా."

"పద్నాలుగా?"

"స్నానాలగదిలో చెయ్యి పెట్టే చోటు ఉండదు ఇక."

ఆమె ఫోన్ పెట్టేసింది. భుజాలు కదులుతున్నాయి. మేనేజరు కంగారుగా దగ్గరికి వచ్చాడు, ఏడుస్తోందనుకుని. ఆమె నవ్వుతోంది. చప్పుడు లేకుండా మొదలై చప్పుడుగా మారింది; ఆపుకుందామన్నా ఆగలేదు.

"మీరొచ్చాక మొదటి ఫిర్యాదు ఇది," అన్నాడు మేనేజరు, నొచ్చుకున్నట్టు.

"అవునండీ," అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ. "అయిపోయింది."

నాలుగున్నరకి మళ్లీ ఫోన్. ఈసారి ఆమెకే. కొండ హోటల్ యజమానురాలు. గొంతులో తొందర.

"మీ దగ్గర పనిచేసే అమ్మాయిని అడిగాం. అయిదింటికి చెబుతానంది. ఆమె ఏం చెప్పినా, ముందు మిమ్మల్ని అడుగుదామని. ఒక్కతే నడపగలదా?"

నిన్న అడిగి ఉంటే తన దగ్గర సమాధానం ఉండేది కాదు. మంచి పిల్లే అనేది, కష్టపడుతుంది అనేది. ఆ రెండు మాటలతో పిట్టకి ఆ తలుపు మూసుకుపోయేది.

"నడపగలదు," అంది. "ఇవాళ ఎనిమిది గదులు చేయించింది. నేను ముట్టుకోలేదు. ఒక గదిలో తువ్వాళ్లు మర్చిపోయారు, అయిదు నిమిషాల్లో తీసుకెళ్లి ఇచ్చారు. గది వరస నాకంటే తనకే బాగా తెలుసు. తన కింద పనిచేసేవాళ్లు తను రాలేదని తెలిసి వెళ్లిపోబోయారు."

"సోమవారం పంపగలరా?"

సీజన్ మొదలై రెండున్నర గంటలైంది. పై అంతస్తుకి ఇంకొకరు లేరు. ఆలోచించి చెబుతానని అనొచ్చు. ఎవరూ తప్పు పట్టరు.

"పంపడానికి నేనెవరు? తననే అడగండి," అని, ఫోన్ పక్కన పెట్టి, మెట్ల దగ్గరికి వెళ్లి కింద మెట్టు మీంచే పిలిచింది. పైకి ఎక్కలేదు.

*

ఇంటికి వెళ్లే దారిలో పిట్ట సగం దూరం మాట్లాడుతూనే ఉంది. ముప్పై గదులు, తొమ్మిది మంది, ఉండటానికి అక్కడే గది, వారానికో రోజు ఇంటికి. మిగతా సగం దూరం మాట్లాడలేదు.

"అమ్మ," అంది చివరికి.

"ఊఁ."

"నువ్వే నన్ను వెళ్లగొట్టావంటుంది."

"అంటుంది."

"పొద్దున పని మానేశాను, సాయంత్రానికి ఊరు వదిలి పోతున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు."

"నేను చెబుతాలే," అంది ఆమె. "నెమ్మదిగా. ముందు వాళ్లే అడిగారని చెప్పి, తర్వాత వారానికోసారి వస్తావని చెప్పి..."

పిట్ట ఆగి చూసింది.

"సరే," అంది ఆమె. "నువ్వే చెప్పు."

అత్తగారు పెరట్లో తీగ మీది బట్టలు తీస్తోంది. పిట్ట తిన్నగా అక్కడికి పోయింది. ఆమె వీధి మెట్ల మీద కూర్చుంది. భర్త పక్కనే కిరసనాయిలు గుడ్డతో వేళ్ల మీది నీలం రంగు రుద్దుకుంటున్నాడు. పెరట్లోంచి మాటలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి.

"సోమవారం వెళ్లిపోతున్నానమ్మా," అంది పిట్ట గొంతు. అదే మొదటి మాట.

ఆమె కళ్లు మూసుకుంది. "అది ఆఖర్న చెప్పాల్సింది."

"లోపలికి వెళ్లకూడదూ?" అన్నాడు భర్త.

"వెళ్లను."

"అమ్మ గొంతు లేస్తోంది."

"వినపడుతోంది."

"నువ్వెళ్తే సర్దుకుంటుంది."

"అందుకే వెళ్లను," అంది. అతను ఆమెని ఒకసారి తేరిపార చూసి, గుడ్డ మడిచి మళ్లీ రుద్దుకోవడం మొదలుపెట్టాడు.

గొంతులు లేచాయి, తగ్గాయి. "మీ వదిన..." అని ఒకసారి వినపడింది. "వదిన వల్లేం కాదు," అని వెంటనే పిట్ట. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆమెకి ఆశ్చర్యంగా, ఆ నిశ్శబ్దంలో గుండె దడ లేదు. ఏం జరిగినా అది తను విప్పి పరచవలసిన పక్క కాదు.

వీధి తలుపులో అత్తగారు కనిపించింది. చేతుల నిండా బట్టలు. వెనకాలే పిట్ట.

"అమ్మాయ్," అంది అత్తగారు. "ఇది చెప్పేది నిజమేనా? దీనికి అంత పని వచ్చా?"

"వచ్చు అత్తయ్యా. నేను ముట్టుకోలేదు ఇవాళ."

అత్తగారు ఆ మాటని కాసేపు నములుతున్నట్టు నిలబడింది. "ముప్పై గదులట. అక్కడ ఉతుకు ఎవరు చూస్తున్నారే అనడిగాను. ఎవరూ లేరట. మెషిన్‌లో పడేసి మీట నొక్కుతారట. మీట." ఆ మాట అన్న తీరుకి భర్త తల దించుకున్నాడు. "సోమవారం దీనితో నేనూ పోతున్నాను."

"అమ్మా," అంది పిట్ట. "వాళ్లు నిన్ను రమ్మనలేదు."

"ఉద్యోగానికి ఎవరు పోతున్నారు? ఊరికే చూడ్డానికి. ఒక్క వారం. ఆ దుప్పట్లు నీళ్లలోంచి ఎలా తీస్తున్నారో చూస్తాను. బాగాలేవనుకో, నీకెందుకు శ్రమ, మీరంతా పడుకున్నాక నేనే మళ్లీ..."

అత్తగారు ఆగింది. తను ఏమంటోందో తనకి వినపడిందో లేదో మొహం చూస్తే తెలియలేదు.

భర్త గుడ్డ కింద పడేశాడు. దాన్ని తీసుకోడానికి కావలసినదానికంటే ఎక్కువసేపు వంగి ఉన్నాడు.

పిట్ట ఆమె వైపు తిరిగింది. పొద్దుటి నుంచీ ఆ కళ్లలో కనిపించని బెంగ. "వదినా, నువ్వు చెప్పు."

చెప్పడానికి ఆమె దగ్గర మూడు మంచి మాటలు సిద్ధంగా ఉన్నాయి. అత్తగారి మోకాళ్లు, కొండ దారి, ఇక్కడ తనకి తోడు. ఏ వరసలో పెట్టాలో కూడా తెలుసు.

"నీ హోటల్, నీ జట్టు పిట్టా," అంది. మెట్టు మీద ఇంకాస్త వెనక్కి జరిగి, సర్దుకుని కూర్చుంది.

"నాకేం చెప్పాలట?" అంది అత్తగారు.

పిట్ట తల్లి చేతుల్లోంచి బట్టలు తీసుకుని కిటికీ గట్టు మీద పెట్టింది. "కూర్చో అమ్మా," అంది.

అత్తగారు కూర్చోలేదు.